కొండదారికి గెడ్డ కోత - నివారణోపాయాలు

మహేంద్రగిరి పరిసరాల కొండపల్లెలకు చౌక బియ్యం చేరాలన్నా, గర్భిణిని ఆసుపత్రికి తరలించాలన్నా ఆధారం ఒక్కటే దారి. గెడ్డ ఆ దారిని కోసివేసిన నాడు డోలీయే శరణ్యం. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి, శ్రీకాకుళం జిల్లాల ప్రజలకు ఈ కష్టాన్ని ప్రత్యక్షంగా చూపింది.

కొండ ప్రాంతంలో తక్కువ వాలు లభించేది గెడ్డ వెంబడే. అందువలన దారులు కూడా దాని ఒడ్డునే సాగుతాయి. వంపు తిరిగే చోట ప్రవాహం వెలుపలి గట్టును ఒరుసుకొని, దాని పాదాన్ని తొలుస్తుంది. పైన తారు చెక్కుచెదరకుండానే అడుగున మట్టి జారిపోతుంది. నీటి వేగం రెట్టింపైతే అది దొర్లించగల రాతి బరువు సుమారు 64 రెట్లు అవుతుందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. వరద తగ్గిన పిమ్మట కూడా ప్రమాదం తొలగదు. గట్టుకు ఆనికగా ఉన్న నీరు దిగిపోగా, లోపల నానిన మట్టి బరువుకు అది విరిగిపడుతుంది.

కనుక రక్షణ పాదం నుండి ఆరంభం కావాలి. గోడ పునాది వరద తవ్వే లోతుకంటె దిగువన ఉండాలి. దాని ముందు పెద్ద రాళ్లు పరవాలి. తీగవలలో రాళ్లు నింపి పేర్చే గేబియన్లు నేల కొంత కుంగినా దానికి అనుగుణంగా ఒదిగిపోతాయి, లోపలి నీటిని బయటకు వదులుతాయి. సిమెంటు గోడ కట్టినచో నీరు పోవుటకు రంధ్రాలు తప్పనిసరి.

కొండవైపు నుండి వచ్చే నీటికి పక్క కాలువ, తగినంత వెడల్పుగల కల్వర్టు, అది నీరు వదిలే చోట రాతి పరుపు ఉండాలి. గట్టు పైభాగంలో వట్టివేరు, వెదురు నాటితే వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. అయితే పాదానికి రాతి రక్షణ లేనిచోట మొక్కలు మాత్రమే గట్టును నిలుపలేవు.

గ్రామస్థుల చేతిలోనూ కొంత ఉంది. గట్టు పాదంలోని బండలను, ఇసుకను ఇళ్ల నిర్మాణానికి తరలించడం దారికి పునాదిని తీసివేయడమే. విరిగిన కొండమట్టిని గెడ్డలోకి నెట్టితే ప్రవాహం ఇరుకై ఎదుటి గట్టును కోస్తుంది. తొలకరికి ముందే కల్వర్టులలోని చెత్త, కొమ్మలు తొలగించాలి. ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన రహదారులకు మొదటి ఐదేళ్ల నిర్వహణ బాధ్యత నిర్మించిన గుత్తేదారుదే. గట్టుపై చిన్న పగులు కనిపించిన వెంటనే పంచాయతీ ద్వారా వ్రాతపూర్వకంగా తెలియజేయడం మేలు. పగులు దశలో కొన్ని బండ్ల రాయితో సరిపోయే పని, గట్టు కూలిన తరువాత మొత్తం దారినే తిరిగి వేయవలసిన పనిగా మారుతుంది.