ప్రాథమిక తరగతుల్లో షష్ఠీ రూపాల బోధన: ఏకవచనం, బహువచనం

చీపురుపల్లి ప్రాంతంలో పిల్లలు బడిలో చేరేనాటికే 'నూతి గట్టు', 'గెడ్డ ఒడ్డు', 'మా ఇంటి తలుపు' అంటూ షష్ఠీ రూపాలను సహజంగా వాడుతుంటారు. షష్ఠిని 'యొక్క'తో ప్రారంభించే పాఠం ఈ భాషాజ్ఞానాన్ని విస్మరిస్తుంది. నిత్యవ్యవహారంలో అరుదైన 'ఇంటి యొక్క తలుపు'ను ప్రమాణంగా నిలిపి, పిల్లల నోటి మాటను తప్పుగా తోపింపజేస్తుంది.

పరవస్తు చిన్నయసూరి 'బాలవ్యాకరణం' (1858) ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలుగా పేర్కొన్నది: కాలు–కాలి, ఇల్లు–ఇంటి, నుయ్యి–నూతి. గెడ్డ, బడి వంటి పదాలు మారవు. ఏకవచనంలో ఇంత వైవిధ్యం ఉండగా, బహువచనంలో సూత్రం ఒక్కటే: చివరి ఉకారం అకారమవుతుంది. కాళ్ళు–కాళ్ళ, ఇళ్ళు–ఇళ్ళ, నూతులు–నూతుల. కనుక సూత్రంగా ముందు బోధించదగినది బహువచనం. ఏకవచన రూపాలను పిల్లల మాటల నుంచే సేకరించి వర్గీకరింపజేయవచ్చు.

ఇక్కడ వచనం స్వామికి సంబంధించినది, వస్తువుకు కాదు. 'పిల్లవాడి పలకలు', 'పిల్లల బడి' అనే ప్రయోగాలను పక్కపక్కన ఉంచితే ఈ భేదం స్పష్టమవుతుంది. ఆంగ్లంలో 'బాయ్స్' అనే ఉచ్చారణ బహువచనానికీ, రెండు వచనాల షష్ఠికీ సమానమే. అపాస్ట్రఫీ స్థానం రాతలోనే కనిపిస్తుంది. తెలుగులో ఆ భేదం చెవికే తెలుస్తుంది. అందువల్ల భావనను తెలుగులో స్థిరపరచిన తరువాతే ఆంగ్ల చిహ్నాన్ని పరిచయం చేయడం సముచితం.