ఫారంలో ‘తెలుగు’ అని రాస్తే ఏమవుతుంది?

అమెరికాలో ఉన్న తెలుగు ఇల్లు ఫిల్మ్‌నగర్‌కు డాలర్లలో తెలుసు. పెద్ద సినిమా ప్రీమియర్లు పడే రాత్రి ఎన్ని లొకేషన్లు, ఎంత గ్రాస్, మిలియన్ దాటిందా లేదా అని ఇక్కడి ఆఫీసుల్లో తెల్లవార్లూ ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. 2017లో ‘బాహుబలి 2’ అన్ని భాషలూ కలిపి ఉత్తర అమెరికాలో 2 కోట్ల డాలర్లు దాటింది. ఆ మార్కెట్ వెనక ఉన్న జనం లెక్క ఇదీ: అమెరికా జనగణన సంస్థ సర్వేల ప్రకారం 2010 నుంచి 2017 వరకు అక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారు.

అదే ఇంటిని అక్కడి ప్రభుత్వ బడి మరోరకంగా లెక్కపెడుతుంది. పిల్లల్ని చేర్చే రోజు ఇచ్చే కాగితాల్లో ‘ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు?’ అనే ప్రశ్న ఉంటుంది. నిజాయితీగా ‘తెలుగు’ అని రాస్తారు. కొన్నాళ్లకు బడి నుంచి ఓ ఉత్తరం వస్తుంది. అది చూసి కంగారుపడిన కూతురు జూబ్లీహిల్స్‌లో ఉన్న తండ్రికి ఫోన్ చేస్తుంది: ‘పాపకి ఇంగ్లీషు సరిపోదట నాన్నా, ఏటా పరీక్ష పెడతారట!’ అమెరికాలోనే పుట్టి, ఇంగ్లీషు కార్టూన్లు చూస్తూ పెరిగిన పిల్లకి ఇంగ్లీషు సరిపోకపోవడమేమిటని తాతగారికి కోపం వస్తుంది.

కోపం సహజమే కానీ, ఆ ఉత్తరంలో ఉన్నది అవమానం కాదు. ఫారంలో తెలుగు అని రాసినంత మాత్రాన ఏటా పరీక్ష రాయాల్సిన పని లేదు. ముందు స్క్రీనర్ అనే చిన్న పరీక్ష ఒకటి పెడతారు. అందులో గట్టెక్కితే కథ అక్కడితో సరి. జూబ్లీహిల్స్ కార్పొరేట్ స్కూలు నుంచి వెళ్లి ఆరులోనో ఏడులోనో చేరే పిల్లలు చాలామంది ఇక్కడే బయటపడతారు. గట్టెక్కకపోతేనే ‘ఇంగ్లిష్ లెర్నర్’ అనే జాబితాలో పేరు చేరుతుంది. బడి తెరిచిన 30 రోజుల్లోగా ఆ సంగతి తల్లిదండ్రులకు తెలపాలి. అక్కడి నుంచి నిర్ణీత స్థాయి చేరేదాకా ఏటా పరీక్ష. 2021లో ఈ జాబితాలో ఉన్న పిల్లలు సుమారు 53 లక్షలు. అంటే ప్రభుత్వ బడుల్లో ప్రతి వందమందిలో పదిమందికి పైనే. వాళ్లలో మూడొంతుల మంది స్పానిష్ ఇళ్లవాళ్లు. జాబితాలో ఎక్కువమంది అమెరికాలో పుట్టినవాళ్లే కాబట్టి తాతగారి మనవరాలి విషయంలో వింతేమీ లేదు.

ఈ ఏర్పాటు ఎవరి బుర్రలోనో సరదాగా పుట్టింది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో ఇంగ్లీషు రాని చైనా సంతతి పిల్లలు 2,856 మంది ఉంటే, వాళ్లలో సుమారు 1,800 మందికి భాష విషయంలో ఏ సాయమూ అందలేదు. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు, ఒకే గది ఇచ్చాం కదా, ఇంకేం చెయ్యాలన్నది బడి వాదన. ‘లా వర్సెస్ నికల్స్’ అనే ఆ కేసులో 1974 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. పాఠం అర్థం కాని పిల్లకు పుస్తకం ఇచ్చినా చదువు చెప్పినట్టు కాదని తేల్చింది. 2002లో అమల్లోకి వచ్చిన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం ఏటా పరీక్షను తప్పనిసరి చేసింది. దాని స్థానంలో 2015లో వచ్చిన చట్టం పిల్లల ఇంగ్లీషు ఎదుగుదలను బడి పనితీరు లెక్కలోనే కలిపేసింది. పరీక్ష రాసేది పిల్లే అయినా, ఫలితానికి జవాబు చెప్పాల్సింది బడి.

ఏ పరీక్ష అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో టెల్‌పాస్, కాలిఫోర్నియాలో ఎల్‌ప్యాక్. న్యూజెర్సీ, జార్జియా, నార్త్ కరోలినా సహా 40 దాకా రాష్ట్రాలు, ప్రాంతాలు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని ‘విడా’ తయారుచేసే యాక్సెస్ పరీక్షను వాడతాయి. పేరేదైనా పరీక్షించేవి నాలుగే: వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం.

మన ఇళ్లలో గొడవంతా ఈ నాలుగింటి తూకం తెలియకపోవడంతోనే. ‘మావాడు గడగడా మాట్లాడేస్తాడు, ఇంకా ఆ లిస్టులో ఎందుకుంచారు?’ అంటారు. విడా మొత్తం స్కోరులో మాట్లాడటానికి 15 శాతం, వినడానికి 15 శాతం. చదవడానికి 35, రాయడానికి 35. రూపాయిలో 70 పైసలు కాగితం మీది ఇంగ్లీషుకే పోతాయన్నమాట. ఊహకోసం ఒక పిల్లాడికి వినడంలో 380, మాట్లాడటంలో 340, చదవడంలో 370, రాయడంలో 350 వచ్చాయనుకుందాం. తూకం వేస్తే 57, 51, 129.5, 122.5, మొత్తం 360. వాడు మాట్లాడటంలో ఇంకో 40 పాయింట్లు పెరిగితే మొత్తానికి కలిసేది 6. అదే 40 రాయడంలో పెరిగితే 14. ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టడం కంటే రోజూ ఓ పేజీ రాయించడం మేలని ఈ లెక్కే చెబుతోంది.

ఆ మొత్తాన్ని తరగతిని బట్టి 1.0 నుంచి 6.0 వరకు ఉండే స్థాయిగా మారుస్తారు. జాబితా నుంచి ఎక్కడ బయటపడతారన్నది రాష్ట్రం ఇష్టం. న్యూజెర్సీలో ఆ గీత 4.5. కాలిఫోర్నియా తూకమే వేరు. ఒకటో తరగతి నుంచి మాటకు (వినడం, మాట్లాడటం కలిపి) 50, రాతకు (చదవడం, రాయడం కలిపి) 50. కిండర్‌గార్టెన్‌లో మాత్రం మాటకే 70. అందుకే టెక్సస్‌లోని డల్లాస్‌లో ఉన్న మేనత్త కొడుకు స్కోరునూ న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మనవరాలి స్కోరునూ పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ పని.

ఎన్నేళ్లు పడుతుంది? 2000లో పరిశోధకుడు కెంజి హకూటా బృందం వేసిన అంచనా ఇప్పటికీ చెప్పుకుంటారు: మాటకు 3 నుంచి 5 ఏళ్లు, చదువుకు కావలసిన ఇంగ్లీషుకు 4 నుంచి 7 ఏళ్లు. కిండర్‌గార్టెన్‌లో జాబితాకెక్కిన పిల్ల మూడో తరగతిలోనూ పరీక్ష రాస్తుంటే దిగులు పడక్కర్లేదు. ఎనిమిదిలోనూ రాస్తుంటే మాత్రం బడికి వెళ్లి గట్టిగా అడగాలి.

ఇక్కడే మనవాళ్లు ఓ తెలివి చేస్తారు. రెండో బిడ్డను చేర్చేటప్పుడు ఇంటి భాష దగ్గర ‘ఇంగ్లీష్’ అని రాసేస్తారు. పరీక్ష తప్పుతుంది, నిజమే. దాంతోపాటు బడి ఇవ్వాల్సిన సాయమూ తప్పుతుంది. ప్రత్యేక తరగతులు వద్దనే హక్కు తల్లిదండ్రులకు ఎలాగూ ఉంది. కానీ తరగతులు వద్దన్నా పిల్ల జాబితాలో ఉన్నంతకాలం ఏటా పరీక్ష ఆగదు. ఇంకొందరు ఇంట్లో తెలుగే మానేస్తారు. పరీక్ష కొలిచేది ఇంగ్లీషును. తెలుగు మానితే మార్కు కలవదు, అమ్మమ్మతో మాట్లాడే దారి మాత్రం మూసుకుపోతుంది.

అలాగని అమెరికా ఏర్పాటు బ్రహ్మాండమని అనడం లేదు. ఈ పిల్లలకోసం కేంద్రం ప్రత్యేకంగా ఇచ్చే నిధి 2024లో 89 కోట్ల డాలర్లు. 53 లక్షల మందికి పంచితే తలకు 168 డాలర్లు. బళ్ల బాధ్యతలను విడమరచి చెబుతూ 2015లో ఇచ్చిన మార్గదర్శక లేఖను అక్కడి విద్యాశాఖ 2025 ఆగస్టులో వెనక్కి తీసుకుంది. చట్టమైతే చెక్కుచెదరలేదు.

ఇక ఫిల్మ్‌నగర్ కొండ మీదికే వద్దాం. బంగ్లాల వెనక బస్తీల్లో ఇళ్లలో పనికి, సెట్ల పనికి, లైట్ల పనికి వచ్చిన కుటుంబాలుంటాయి. ఇంట్లో ఉర్దూ, లంబాడీ, హిందీ మాట్లాడే పిల్లలూ ఉంటారు. 2022 జనవరిలో తెలంగాణ మంత్రివర్గం ప్రభుత్వ బడులన్నిటా ఇంగ్లీషు మీడియం పెట్టాలని నిర్ణయించింది. 2022–23లో 1 నుంచి 8 తరగతులకు అది మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. లంబాడీ పిల్లకు ఆ రెండు పేజీల్లో ఏదీ ఇంటి భాష కాదు. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ అంటుంది. ఆ ‘వీలైనంతవరకు’ అన్న మాట చాటున ఎన్ని ప్రభుత్వాలైనా నిలబడగలవు.

కొలవడమే లేదని కాదు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లోని ‘తొలిమెట్టు’ కార్యక్రమంలో టీచర్లు తెలుగు, ఇంగ్లీషు, లెక్కల కనీస సామర్థ్యాలు చూస్తారు. కానీ పదో తరగతి పబ్లిక్ పరీక్ష పేపరులో ఇంగ్లీషు వినడానికీ మాట్లాడటానికీ ఒక్క మార్కూ లేదు. ఆంధ్రప్రదేశ్ 2023 జూన్‌లో టోఫెల్ నడిపే ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని 3 నుంచి 10 తరగతుల పిల్లలను పరీక్షించే పథకం పెట్టింది. ప్రభుత్వం మారాక అది నిలిచిపోయింది. అందులో వాడిన టోఫెల్ జూనియర్ పరీక్ష స్కోరు 600 నుంచి 900 వరకు ఉంటుంది. మూడు భాగాల్లో ఒక్కోదానికి కనిష్ఠం 200 కాబట్టి ఒక్క జవాబూ సరిగా లేకపోయినా 600 వస్తుంది! కొడుకుకి 620 వచ్చిందని సంబరపడే తండ్రికి ఆ సంగతి ఎవరో చెప్పాలి. పైగా ఆ స్కోరు తక్కువొస్తే బడి ఏం చెయ్యాలన్న కట్టుబాటు ఉండేది కాదు.

దేశం మొత్తం లెక్కా ఆశాజనకంగా లేదు. గ్రామీణ ప్రాంతాల్లో చేసే ‘అసర్’ సర్వేలో 2016లో సులభమైన ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగిన ఐదో తరగతి పిల్లలు 24.7 శాతం, 2022లో 24.5 శాతం. ఆరేళ్లలో కొత్త మీడియం బోర్డులు ఎన్ని వెలసినా అంకె కదల్లేదు.

మన అడ్మిషన్ రికార్డుల్లోనూ ‘మాతృభాష’ అనే గడి ఉంటుంది. అమెరికా ఫారంలో ఆ గడి నింపితే 30 రోజుల్లో బడి కదలాలి. మన దగ్గర నింపాక కదిలేది ఏమీ లేదు. జూన్‌లో పిల్లల్ని చేర్చడానికి వెళ్లినప్పుడు ఆ గడి నింపిన తర్వాత బడి ఏం చేస్తుందో హెడ్మాస్టరును అడగండి.