ఆవకాయ సీసాకు చీటీ ఎందుకు?

నార్త్ కరోలినాలో రాలీ, డర్హమ్ నగరాల మధ్య ఉన్న మోరిస్‌విల్‌లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడి ఇండియన్ స్టోర్లలో ఆవకాయ, గోంగూర సీసాలకు కొదవలేదు. సీసా వెనక ఉండే పోషకాల పట్టిక 1990లో అమెరికా చేసిన చట్టం పుణ్యం. రోజుకు 2,300 మిల్లీగ్రాముల సోడియం దాటకూడదన్న లెక్కలో చెంచాడు పచ్చడి వాటా ఎంతో అది చెబుతుంది. మనం చెంచాతో ఆగుతామా అన్నది వేరే సంగతి. అయితే మన వంటల విషయంలో అంతకన్నా విలువైనది 2004 నాటి అలెర్జీ చట్టం. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతలూ, బాదం జీడిపప్పు వంటివి, వేరుశనగ, గోధుమ, సోయా ఉంటే విడిగా పేరు పెట్టి చెప్పాలంటుందది. 2023 జనవరి 1 నుంచి నువ్వులూ ఆ జాబితాలో చేరాయి.

ఆవకాయలో పోసేది చాలా ఇళ్లలో నువ్వులనూనే. బాగా శుద్ధి చేసిన నూనెలకు చట్టం మినహాయింపు ఇచ్చింది కానీ గానుగ నూనెకు అది వర్తించదు. ఇక ఇంగువ. బజారులో డబ్బాల్లో దొరికేదాంట్లో చాలావరకు గోధుమపిండో మైదానో కలుస్తుంది. గోధుమ పడనివాళ్లకు ‘ఇంగువ’ అన్న ఒక్క మాట ఏం చెబుతుంది? చట్టంలోనూ కంతలున్నాయి. కెనడా, యూరప్ జాబితాల్లో ఉన్న ఆవాలు అమెరికా జాబితాలో లేవు. ‘మసాలా దినుసులు’ అనే మాట కింద వాటిని దాచేయొచ్చు. మన దేశపు 2020 నిబంధనలు నువ్వుల గురించి ప్రత్యేక హెచ్చరిక అడగవు. ఊరి నుంచి పార్సిల్‌లో వచ్చే సీసాను ఇది గుర్తుపెట్టుకునే తెరవాలి.

ఇంట్లో పెట్టి అమ్మే పచ్చడికి ఇదంతా దేనికి, నమ్మకం చాలదా అంటారు. చేసినవాళ్ల శుచి మీద ఎంత నమ్మకమున్నా అందులో ఏ నూనె పడిందో తెలియదు కదా. ఖర్చు భరించలేమన్న మాటా నిలవదు. చిన్న వ్యాపారాలకు పోషకాల పట్టిక నుంచి మినహాయింపు ఉంది; పదార్థాల జాబితాకు లేదు, దానికి ల్యాబూ అక్కర్లేదు. నార్త్ కరోలినా వ్యవసాయ శాఖ తనిఖీ చేసిన ఇంటి వంటగదిలో తయారైనవి అమ్ముకోవచ్చు. చీటీ మీద పేరు, చిరునామా, నికర బరువు, బరువు క్రమంలో పదార్థాలు ఉంటే సరి. పచ్చళ్లకైతే పులుపు పరీక్ష అదనం.

బలమైన అభ్యంతరం మరొకటుంది. నువ్వుల నిబంధన రాగానే, యంత్రాలను పూర్తిగా శుభ్రం చేయడం కష్టమని కొన్ని బ్రెడ్ కంపెనీలు కావాలనే నువ్వులపిండి కలిపి, ఆ సంగతి లేబుల్ మీద రాసేశాయి. నువ్వులు పడనివాళ్లకు ఉన్న రొట్టె కూడా పోయింది. ఇది నిజంగా చట్టం లోపమే. దాన్ని సరిచేయాల్సింది శుభ్రత నిబంధనలు బిగించి. చీటీ తీసేస్తే ఆ నువ్వులు తెలియకుండా కడుపులోకి పోతాయంతే.

వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునేవాళ్లూ, సీసా మీద మామిడికాయ బొమ్మకు బదులు ముందు ఏ నూనె వాడారో, ఇంగువలో ఏం కలిసిందో రాయండి. రాయకపోతే, కొనేవాళ్లు మొహమాటపడకుండా అడగండి.