ముర్రుపాలను పారబోయుట

ఇంట శిశువు జన్మించినంతనే తల్లిపాలకు ముందుగా తేనెయో, పంచదార నీళ్లో, ఆముదమో నాలుకకు రాచుట మన దేశమున ననేక కుటుంబములందు ఆచారముగ నున్నది. తొలుత వచ్చు పసుపుపచ్చని ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోయువారును కలరు. తేనె యేడాది నిండని బిడ్డ కపాయకరము. ఇక ముర్రుపాల మాట. ఈనిన దూడకు అవి త్రాగింపనిచో అది నిలువదని పాడి యెరిగిన రైతునకు తెలియును. పశువులకొట్టములో గల వివేకము పురిటిగదిలో నేల లోపింపవలయును?

ముర్రుపాలు కొలతకు స్వల్పములే. తొలిదినమున శిశువు ఒక్కొక్కమారు త్రాగునది యించుమించు చిన్న చెంచాడు మాత్రమే. అది చూచి పెద్దలు “పాలు పడలేదు” అని తొందరపడి డబ్బాపాలు తెప్పింతురు. కాని అప్పుడే పుట్టిన బిడ్డ కడుపునకు తగిన కొలత యదియే. రోగనిరోధక పదార్థములు ఆ చెంచాడు పాలలోనే దట్టముగ నున్నవి. రెండుమూడు దినములకు సాధారణముగ పాలు పొంగివచ్చును. నెల నిండునప్పటికి శిశువు దినమునకు ముప్పాతిక లీటరు వరకు త్రాగును. బిడ్డ కుడిచినకొలదియు పాలూరును. సీసా పట్టినచో కుడుచుట తగ్గును. కుడుచుట తగ్గగనే పాలును తగ్గును. లేని కొరతను మన తొందరయే కల్పించుచున్నది.

పాలు చాలుచున్నవనుటకు గుర్తులు కలవు. ఐదవదినము మొదలు బిడ్డ దినమునకు ఆరుమారులకు తగ్గక మూత్రము విడువవలెను. మొదట కొంత తగ్గిన బరువు రెండువారములలో తిరిగి రావలెను. ఇవి కానరానిచో పోవలసినది వైద్యుని కడకే గాని అంగడికి గాదు. తల్లిపాలలో అధికభాగము నీరే గనుక, రోహిణికార్తె యెండలలోనైనను ఆరుమాసములవరకు బిడ్డకు వేరు నీ రక్కరలేదు.

డబ్బాపాలకును, పాలసీసాలకును ప్రకటనలు చేయుటను 1992 నాటి భారతశాసనము నిషేధించినది. అయినను, పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగిన పిల్లలు నూటికి 41.8 మందియే యని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలినది. శాసనము అంగడిని కట్టడి చేయగలదు గాని పురిటిగది గడప దాటజాలదు. అచ్చట మాట చెల్లునది అత్తగారికిని, అమ్మమ్మకును, ఇంటి యజమానికిని. పథ్యము పేర బాలింతను పస్తుంచక కడుపునిండ పెట్టుడు. “నీ పాలు చాలునమ్మా” అని ధైర్యము చెప్పుడు. బిడ్డ తొలి యన్నమును నేలపాలు చేయకుడు.