ఎక్స్‌కవేటర్ కడ్డీకి ఆ మెరుపెందుకు?

కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. అయినా ఆ గనుల పట్టణం కేజీఎఫ్‌లో భారీ యంత్రాల సంస్థ బీఈఎంఎల్ కర్మాగారం బుల్‌డోజర్లు, ఎక్స్‌కవేటర్లు తయారుచేస్తూనే ఉంది. ఎక్స్‌కవేటర్ పనిచేస్తుంటే గమనించండి: ఒళ్లంతా దుమ్మే, సిలిండర్‌లోంచి వచ్చిపోయే కడ్డీ మాత్రం తళతళలాడుతుంది. అది క్రోమియం పూత.

ఎలా వేస్తారు? ఉక్కు కడ్డీని క్రోమిక్ ఆమ్ల ద్రావణంలో ముంచి, రుణధ్రువానికి కలిపి కరెంటు పంపిస్తారు. ద్రావణంలోని క్రోమియం లోహంగా మారి కడ్డీని అంటుకుంటుంది. మందం మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే! అయినా మామూలు ఉక్కు కంటే గట్టిది, తుప్పు పట్టదు. ఈ పూత లేకుంటే కడ్డీ గీతలుపడి, సిలిండర్‌లోని నూనెను ఆపే సీలు చిరిగి, ఆ నూనె కారిపోతుంది.

తుపాకీ గొట్టాల లోపలా ఇదే పూత వేస్తారు. అక్కడ ధనధ్రువాన్ని గొట్టం మధ్యలోకి దూర్చాలి.

క్రోమిక్ ఆమ్ల ద్రావణం క్యాన్సర్ తెచ్చే విషం. ఈ పూత పని ఇంట్లో ఎప్పుడూ చేయకండి.