చిన్న పడవే... పెద్దదిక్కు!

ఏడు సముద్రాలు దాటొచ్చిన ఓడ కూడా రేవు గుమ్మం ముందుకొచ్చేసరికి తడబడుతుంది. తనంతట తాను తిరగలేదు, ఆగాల్సిన చోట ఆగలేదు, గట్టుకు ఆనుకోలేదు. అప్పుడు పక్కన చేరి, నెట్టి, లాగి, ఒడ్డుకు చేర్చేది ఓ బుల్లి పడవ. దాని పేరే టగ్గు!

అమలాపురం నుంచి అల్లవరం మీదుగా సముద్రం వైపు వెళ్తే, వైనతేయ గోదావరి కడలిలో కలిసే చోట ఓ ఊరొస్తుంది. పేరు ఓడలరేవు. కొబ్బరితోటలుంటాయి. వలలు బాగుచేసుకునే మత్స్యకారులుంటారు. ఓఎన్‌జీసీ టెర్మినల్‌ ఉంటుంది. ఓడ మాత్రం ఉండదు!

దగ్గర్లోని బెండమూర్లంకదీ అదే కథ. 18వ శతాబ్దంలో ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. తెరచాపల కాలంలో ఓడలు చిన్నవి, నీళ్లలో మునిగే భాగమూ తక్కువే. నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఇలాంటి రేవులు వాటికి సరిపోయాయి. తర్వాత ఓడలు పెరిగాయి. గోదావరి తెచ్చే ఒండ్రు పేరుకుంటూ పోయింది. కోనసీమను పచ్చగా చేసిన మట్టే ఓడల దారికి అడ్డుపడింది. గౌతమికి అవతల, ఓడల తయారీకి పేరుపడ్డ కోరంగిని 1839 నవంబరులో వచ్చిన తుపాను ఊడ్చేసింది. ఈ ప్రాంతపు సముద్ర వ్యాపారానికి ఆ తర్వాత కాకినాడే దిక్కయింది.

అక్కడా గోదావరి ఒండ్రు వదల్లేదు. అయితే ఈసారి మేలూ కీడూ రెండూ చేసింది. నది తెచ్చిన ఇసుకే పదహారు కిలోమీటర్ల పైచిలుకు పొడవున మేటవేసి హోప్‌ ఐలాండ్‌ అయింది. సముద్రపు పోటు నేరుగా కాకినాడ మీద పడకుండా అడ్డుగోడలా నిలబడింది. కానీ ఒడ్డు దగ్గర లోతు లేదు. అందుకే పెద్ద ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేస్తాయి. సరుకే వాటి దగ్గరికి వెళ్లాలి. బియ్యం బస్తాలు నింపిన ఇనుప బార్జీలు ఊళ్లోని ఉప్పుటేరు నుంచి బయల్దేరతాయి. వాటిలో చాలావాటికి ఇంజనే ఉండదు. ముందు ఓ టగ్గు, దాని వెనక మోకు, ఆ మోకు చివర బార్జీ! ఆఫ్రికా దేశాలకు వెళ్లే మన బియ్యం మొదటి మజిలీ అలా టగ్గు వెనకాలే సాగుతుంది. 1997లో డీప్‌వాటర్‌ పోర్టు వచ్చాక పెద్ద ఓడలు గట్టుదాకా రావడం మొదలైంది. అక్కడ టగ్గు పని మారిపోయింది. బార్జీని లాగడం పోయి ఓడను నెట్టడం వచ్చింది.

వేగం తగ్గితే చుక్కాని చచ్చుబడుతుంది

అంత పెద్ద ఇంజన్లున్న ఓడకు ఈ బుల్లి పడవ సాయమెందుకు? సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లినవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. నది మధ్యలో పంటు హాయిగా సాగిపోతుంది. చిక్కంతా రేవు దగ్గరే. వేగం తగ్గించగానే ప్రవాహం పక్కకు తోస్తుంది, గాలి ఇంకోవైపు తిప్పుతుంది. తాడు విసిరి, కట్టి, దగ్గరికి లాక్కుంటేగానీ మోటార్‌ సైకిళ్లు దిగవు.

ఓడకూ అంతే. చుక్కాని పనిచేయాలంటే దాన్ని ఒరుసుకుంటూ నీళ్లు వేగంగా పారాలి. రేవులోకి వస్తూ ఓడ నెమ్మదించేకొద్దీ ఆ ప్రవాహం తగ్గుతుంది, చుక్కాని మాట వినడం మానేస్తుంది. పోనీ వేగంగానే వద్దామంటే ఆగడం కష్టం. నిండు సరుకుతో పరుగు మీదున్న పెద్ద ఓడ ఇంజను ఆపేసినా కిలోమీటర్ల కొద్దీ ముందుకు పోతూనే ఉంటుంది. కారులా బ్రేకు తొక్కే వీల్లేదు. ఇక కంటెయినర్లు అంతస్తులుగా పేర్చుకున్న ఓడైతే, ఆ పెట్టెల గోడే పెద్ద తెరచాప. ఓ మోస్తరు గాలి చాలు, ఓడ మొత్తాన్ని పక్కకు జరిపేయడానికి.

గట్టుకు ఆనేటప్పుడు వేగం ఎంతో తెలుసా? సెకనుకు కొన్ని సెంటీమీటర్లు. వేల టన్నుల ఇనుము అంతకన్నా కాస్త గట్టిగా తగిలితే ఓడ పక్కభాగం సొట్టపోతుంది, లేదంటే జెట్టీ బద్దలవుతుంది. పెళ్లిపందిట్లోకి ఏనుగును తీసుకురావడమంత సున్నితమైన వ్యవహారం!

విశాఖలో... సందులోంచి

మన తీరంలో టగ్గు పనితనం చూడాలంటే విశాఖపట్నం ఇన్నర్‌ హార్బరే చూడాలి. ఒకవైపు డాల్ఫిన్స్‌ నోస్‌ కొండ, మరోవైపు పాతపట్నం. మధ్యలో సన్నటి కాలువలాంటి దారి. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ ఆ దారిలోంచే లోపలికొచ్చింది. ఈ రేవులోకి వచ్చిన మొదటి ఓడ అదే. దారిని ఎంత వెడల్పు చేసినా, లోతు పెంచినా, వచ్చే ఓడలూ అంతకంతకూ పెరిగాయి. ఇప్పుడు రెండొందల మీటర్లు దాటిన ఓడలూ ఆ సందులోంచే రావాలి.

ఓడ ఇంకా బయట ఉండగానే రేవు పైలట్‌ చిన్న లాంచీలో ఎదురెళ్తాడు. కదులుతున్న ఓడ పక్క నుంచి వేలాడే తాడునిచ్చెన పట్టుకుని పైకెక్కుతాడు. కెప్టెన్‌ ఎంత అనుభవజ్ఞుడైనా ఈ నీళ్లు ఆయనకు కొత్త. ఎక్కడ మేటుందో, ఏ మలుపులో గాలి ఎలా కొడుతుందో పైలట్‌కే తెలుసు. అతను ఓడకు కళ్లయితే టగ్గులు చేతులు.

ముందో టగ్గు, వెనకో టగ్గు వచ్చి చేరతాయి. ఓడ మీంచి మొదట సన్నతాడు జారుతుంది. టగ్గు మీద కళాసీ దాన్ని అందుకుని, దానికి పెద్దమోకు కట్టి పంపుతాడు. పైనున్నవాళ్లు ఆ మోకును లాక్కుని ఓడకు బిగిస్తారు. ఇక్కణ్నుంచి మాటలన్నీ వైర్‌లెస్‌లోనే. ‘ముందు టగ్గు, నెమ్మదిగా నెట్టు’, ‘వెనక టగ్గు, ఆపు’... పైలట్‌ చెప్పే ప్రతి మాటకూ టగ్గు నుంచి జవాబు రావాలి. ఓడ వెనకభాగం కింద ఉన్న టగ్గు సరంగుకు కనిపించేది ఎదురుగా ఎత్తయిన ఇనుపగోడ ఒక్కటే. ఓడ ముందేముందో, గట్టు ఎంత దూరంలో ఉందో అతను చూడలేడు. పైలట్‌ గొంతును నమ్ముకుని పోవాల్సిందే.

దారి దాటి లోపలికొచ్చాక విశాలమైన నీటి గుండం ఉంటుంది. అక్కడ ఓడను ఉన్నచోటే గిర్రున తిప్పాలి. ఒక టగ్గు ముందుభాగాన్ని ఇటు నెడితే మరోటి వెనకభాగాన్ని అటు లాగుతుంది. తర్వాత గట్టు పక్కకు చేర్చి, చివరి కొన్ని మీటర్లు ఊపిరి బిగబట్టినట్టు నెట్టి, ఓడను తాళ్లతో కట్టేదాకా అలాగే ఒత్తిపట్టుకుని నిలబడాలి. ఆ ఒత్తిడికి ఓడ పక్కలు దెబ్బతినకూడదనే టగ్గు చుట్టూ రబ్బరు మెత్తలు, పాత లారీ టైర్లు వేలాడుతూ కనిపిస్తాయి. అది అలంకారం కాదు!

తాడు పట్టి లాగిన రోజుల నుంచి

కాటన్‌ దొర కాలువలు తవ్వించాక కోనసీమలో ధాన్యం, కొబ్బరికాయలు పడవల మీదే పోయేవి. గాలి లేని రోజు తెరచాప పనికిరాదు. అప్పుడు పడవవాళ్లు గట్టెక్కి, తాడు భుజానేసుకుని, వంగి నడుస్తూ లాగేవారు. టగ్గు పుట్టుకా అలాంటి గట్టు మీదే. స్కాట్లండ్‌లో కాలువ పడవలను గుర్రాలు లాగేవి. 1803లో విలియం సిమింగ్టన్‌ అనే ఇంజనీరు ‘షార్లెట్‌ డండస్‌’ అనే ఆవిరి పడవతో డెబ్భై టన్నుల చొప్పున బరువున్న రెండు బార్జీలను దాదాపు ముప్పై కిలోమీటర్లు లాగించి చూపించాడు. మెచ్చుకుని మేడలు కట్టిస్తారనుకుంటే, దాని అలలకు గట్లు కోసుకుపోతాయంటూ కాలువ యజమానులు వద్దు పొమ్మన్నారు! కాలువగట్టు పక్కన బతికేవాళ్లకు ఆ భయం అర్థం కాకపోదు.

నేటి టగ్గు ముప్పై మీటర్ల పొడవుంటుంది. అందులో సింహభాగం ఇంజన్లే. నాలుగైదు వేల హార్స్‌పవర్‌ మామూలు. దాని సత్తాను వేగంతో కొలవరు, లాగుడుతో కొలుస్తారు. గట్టు మీది ఇనుప గుంజకు మోకు కట్టి, మధ్యలో కొలమానం పెట్టి, పూర్తి బలంతో లాగమంటారు. ముల్లు యాభై టన్నుల దగ్గర నిలిస్తే అది యాభై టన్నుల టగ్గు. విశాఖలోని హిందుస్థాన్‌ షిప్‌యార్డ్‌ మన నౌకాదళం కోసం అలాంటి యాభై టన్నుల టగ్గులనే కట్టింది. కొత్త టగ్గుల్లో ప్రొపెల్లర్‌ మొత్తం చుట్టూ తిరుగుతుంది. దాంతో ముందుకే కాదు, వెనక్కీ పక్కకీ కూడా బలంగా పోతుంది. ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది.

పెద్ద ఓడ కదిలిన రోజే టగ్గుకు పని. పని లేనప్పుడు జెట్టీకి కట్టేసి ఉంటుంది కాబట్టి బ్యాటరీతో నడపడానికి ఇదే అనువైన పడవంటారు. 2024 ఆగస్టులో కేంద్రం మొదలుపెట్టిన హరిత టగ్గుల పథకం తొలి విడతలో జవహర్‌లాల్‌ నెహ్రూ, దీన్‌దయాళ్‌, పారాదీప్‌, తూత్తుకుడి రేవులున్నాయి. మన విశాఖ లేదు.

మోకు మీద ప్రాణాలు

టగ్గు మీద పనిచేసేవాళ్లకు అసలు భయం సముద్రం కాదు, మోకు. ఓడ హఠాత్తుగా ముందుకు పోయిందనుకోండి. మోకు టగ్గు వెనక నుంచి కాకుండా పక్క నుంచి లాగడం మొదలవుతుంది. సరంగు తిప్పుకునేలోపే టగ్గు ఒరిగిపోతుంది, క్షణాల్లో తిరగబడుతుంది. అందుకే మోకును ఒక్క దెబ్బతో వదిలించే ఏర్పాటు టగ్గులో తప్పనిసరి. మోకు తెగితే మరో గండం. బిగుసుకున్న తాడు కొరడాలా వెనక్కి కొడుతుంది. ఆ దారిలో మనిషి నిలబడకూడదన్నది కళాసీ నేర్చుకునే మొదటి పాఠం.

రేవు దాటి బయటికెళ్లిన టగ్గులకు ఆపద ఇంకా ఎక్కువ. 2021 మే 17న తౌక్టే తుపానులో ‘వరప్రద’ అనే టగ్గు అరేబియా సముద్రంలో మునిగిపోయింది. అందులో ఉన్న పదమూడు మందిలో ఇద్దరే బతికారు. అదే తుపానులో మునిగిన పెద్ద బార్జీ పీ-305 వార్తల మధ్య ఆ పదకొండు మంది చావు చాలామంది దృష్టికి రాలేదు.

రెండు టగ్గులు వెళ్లిపోయాక...

టగ్గు విలువ అది ఉన్నప్పటికన్నా లేనప్పుడే ఎక్కువ తెలుస్తుంది. 2020 అక్టోబరులో వాయుగుండం సమయంలో విశాఖ బయట లంగరు వేసిన బంగ్లాదేశ్‌ ఓడ ‘మా’ ఈదురుగాలులకు లంగరుతో సహా కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కేసింది. పదిహేను మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. ఓడ మాత్రం మళ్లీ ప్రయాణానికి నోచుకోలేదు, చూడ్డానికి వచ్చే జనానికి వింతగా మిగిలింది. 2021 మార్చిలో నాలుగొందల మీటర్ల ‘ఎవర్‌ గివెన్‌’ సూయజ్‌ కాలువకు అడ్డంగా ఇరుక్కుంటే ఆ దారిన సాగే వర్తకం ఆరు రోజులు ఆగింది. ఇసుక తవ్వే యంత్రాలు, డజను దాకా టగ్గులు, పున్నమి పోటు... మూడూ కలిస్తేగానీ అది కదల్లేదు.

వీటన్నిటికన్నా 2024 మార్చి 26 నాటి బాల్టిమోర్‌ ఘటన టగ్గుల వాళ్లను ఎక్కువగా కలచివేసింది. మూడొందల మీటర్ల ‘డాలీ’ని రెండు టగ్గులు గట్టు నుంచి విడదీసి, తిప్పి, దారిలో పెట్టాయి. అక్కడితో వాటి పని అయిపోయింది, మోకులు వదిలి వెళ్లిపోయాయి. అందులో తప్పేమీ లేదు, అక్కడి ఆనవాయితీ అంతే. కాసేపటికే అర్ధరాత్రి ఓడలో కరెంటు పోయింది. వదులైన ఒక్క తీగ వల్లేనని దర్యాప్తులో తేలింది. ఇంజను ఆగింది, చుక్కాని చచ్చుబడింది. పైలట్‌ వైర్‌లెస్‌లో టగ్గును పిలిచాడు. వెళ్లిపోతున్న టగ్గు వెంటనే వెనక్కి తిరిగింది కూడా. కానీ కరెంటు పోయినప్పటి నుంచి ఓడ వంతెన స్తంభాన్ని ఢీకొట్టేదాకా మధ్యనున్నది నాలుగు నిమిషాలే. వంతెన మీద రోడ్డు గుంతలు పూడుస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు. పైలట్‌ ముందే హెచ్చరించడంతో పోలీసులు వాహనాలను ఆపేయగలిగారు, లేదంటే ఇంకెంతమందో. ఓడలోని 21 మంది సిబ్బందిలో 20 మంది భారతీయులే.

పెద్ద ఓడకు టగ్గు ఎంత దూరం తోడెళ్లాలన్న వాదన ఆ తర్వాత చాలా రేవుల్లో మొదలైంది. తోడుకు డబ్బవుతుంది. ఓడ యజమాని ప్రతి గంటకూ లెక్క చూసుకుంటాడు.

లెక్క చూసుకోవడానికి వీల్లేని చోటు ఒకటి కోనసీమ ముందున్న సముద్రంలోనే ఉంది. కృష్ణా గోదావరి బేసిన్‌లోని 98/2 క్షేత్రంలో ఓఎన్‌జీసీ 2024 జనవరి 7న చమురు తీయడం మొదలుపెట్టింది. గ్యాసు గొట్టాల్లోంచి ఓడలరేవు టెర్మినల్‌కు వస్తుంది. చమురు మాత్రం తీరానికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరాన నిలిచి ఉండే పెద్ద నౌకలో చేరుతుంది. అక్కణ్నుంచి టాంకర్లు వచ్చి నింపుకెళ్లాలి. అక్కడ గట్టు లేదు, జెట్టీ లేదు. ఇలాంటి చోట్ల టాంకరు చమురు నౌక వెనక, పెద్ద మోకుతో కట్టుకుని, కొద్ది దూరంలో నిలుస్తుంది. గాలి దిశ మారితే ముందుకు జారి ఢీకొట్టే ప్రమాదముంది. అందుకని టాంకరు వెనక ఓ టగ్గును కడతారు. అది ఎక్కడికీ పోదు. గొట్టంలోంచి చివరి పీపా చమురు దిగేదాకా, పగలూ రాత్రీ, ఉన్నచోటే ఉండి వెనక్కి లాగుతూనే ఉంటుంది.