మెదడు జీవక్రియ, వార్ధక్యం, నాడీక్షీణత: విజయలక్ష్మీ రవీంద్రనాథ్ పరిశోధనలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వయసుతోపాటు మెదడులో కలిగే మార్పులన్నీ రోగాలు కావు. సహజమైన మార్పు ఎక్కడ ముగిసి నాడీక్షీణత ఎక్కడ మొదలవుతుందన్నది ఆధునిక నాడీశాస్త్రంలో కీలకమైన ప్రశ్న. ఈ ప్రశ్నను జీవక్రియ కోణం నుంచి పరిశోధించిన శాస్త్రవేత్త విజయలక్ష్మీ రవీంద్రనాథ్ కృషిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జీవక్రియ, మైటోకాండ్రియా, పార్కిన్సన్స్, ఆల్జీమర్స్, అశ్వగంధ, వార్ధక్యం.

1. ఉపోద్ఘాతం:
విజయలక్ష్మీ రవీంద్రనాథ్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. చదివి, 1981లో మైసూరు విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో పరిశోధన సాగించారు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి వ్యవస్థాపక సంచాలకులుగా పనిచేశారు. తరువాత భారతీయ విజ్ఞాన సంస్థలో నాడీశాస్త్ర విభాగాన్ని, మెదడు పరిశోధన కేంద్రాన్ని తీర్చిదిద్దారు. 1996లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం, 2010లో పద్మశ్రీ ఆమెను వరించాయి.

2. మెదడులోనే మారే మందు:
శరీరంలోకి చేరిన మందులను కాలేయం రూపాంతరం చెందిస్తుందన్నది ప్రసిద్ధ విషయం. ఈ పని చేసే సైటోక్రోమ్ పి450 ఎంజైములు మెదడులోనూ ఉన్నాయని, అక్కడ అవి చురుకుగా పనిచేస్తాయని ఆమె బృందం నిరూపించింది. ఆందోళనను తగ్గించే ఆల్ప్రజోలం కాలేయంలో ఒక విధంగా, మెదడులో మరొక విధంగా మారుతుందని తేల్చింది. అందువల్ల రక్తంలో మందు పరిమాణాన్ని కొలిచినంతమాత్రాన మెదడులో దాని ప్రభావం పూర్తిగా తెలియదు.

3. శక్తి కేంద్రాల రక్షణ:
శరీర బరువులో మెదడు సుమారు 2 శాతమే. అయినా విశ్రాంత స్థితిలో శరీరం వినియోగించే శక్తిలో సుమారు 20 శాతం దానికే ఖర్చవుతుంది. ఆ శక్తిని సమకూర్చే మైటోకాండ్రియాలో ‘కాంప్లెక్స్-1’ దెబ్బతింటే నాడీకణాలు త్వరగా కుంగిపోతాయి. ఎం.పి.టి.పి. అనే రసాయనం స్వయంగా విషం కాదు. మెదడులోని ఎంజైము దానిని విషంగా మారుస్తుంది. ఆ విషం కాంప్లెక్స్-1ను అడ్డుకొని పార్కిన్సన్స్ వంటి లక్షణాలను కలిగిస్తుంది. ఖేసరి పప్పులోని విషపదార్థం కూడా చలననాడుల మైటోకాండ్రియాను దెబ్బతీసి కాళ్లు చచ్చుబడేలా చేస్తుంది.

ఈ రెండు సందర్భాలలోనూ గ్లూటరెడాక్సిన్ అనే ఎంజైము ఆక్సీకరణకు గురైన ప్రోటీన్లను పూర్వస్థితికి తెచ్చి కాంప్లెక్స్-1ను కాపాడుతుందని ఆమె బృందం ఎలుకలలో చూపింది. ఆడ ఎలుకల మెదడులో ఈ ఎంజైము ఎక్కువగా ఉంది. దానిని తగ్గించినప్పుడు వాటికి ఉన్న రక్షణ సన్నగిల్లింది. పార్కిన్సన్స్ స్త్రీలకంటే పురుషులలో అధికంగా కనిపించడానికి గల కారణాలలో ఒకదానిని ఈ ఫలితం సూచిస్తున్నది.

4. పెన్నేరుగడ్డ – కాలేయం దారి:
2012లో వెలువడిన అధ్యయనంలో, ఆల్జీమర్స్ లక్షణాలు గల జన్యుమార్పిడి ఎలుకలకు అశ్వగంధ వేరు సారాన్ని 30 రోజులు నోటి ద్వారా ఇచ్చారు. వాటి ప్రవర్తనలోని లోపాలు తగ్గాయి. మెదడులో పేరుకున్న అమిలాయిడ్ కూడా తగ్గింది. అయితే ఈ మేలుకు మూలం మెదడులో కాక కాలేయంలో కనబడింది. కాలేయంలో ఎల్.ఆర్.పి. అనే ప్రోటీను పెరగడం వల్ల అమిలాయిడ్ మెదడు నుంచి రక్తంలోకి తరలింది. కాలేయంలో ఆ ప్రోటీనును తగ్గించినప్పుడు ఫలితం దక్కలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇది ఎలుకలలో వచ్చిన ఫలితం. మనుషులలో ఆల్జీమర్స్ నయమవుతుందనడానికి ఇది ఆధారం కాదు. సంప్రదాయ వైద్యం పట్ల గౌరవం ఉన్నవారే ఈ భేదాన్ని ముందుగా గుర్తించాలి. ఔషధం ఏ మార్గంలో పనిచేస్తుందో చూపడమే ఈ అధ్యయనం విలువ.

5. ప్రయోగశాల నుంచి పల్లెకు:
ఎలుకలకు అందని ప్రశ్నలకు సమాధానం మనుషుల మధ్యనే దొరకాలి. కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపుర ప్రాంతంలో 45 ఏళ్లు దాటిన 10,000 మంది గ్రామీణులను దీర్ఘకాలం పరిశీలించే లక్ష్యంతో మెదడు పరిశోధన కేంద్రం ఒక అధ్యయనాన్ని చేపట్టింది. రోగం వచ్చినవారిని వెతకడం కాక, ఆరోగ్యవంతులలో మార్పు ఎప్పుడు, ఎవరిలో మొదలవుతుందో గమనించడం దీని పద్ధతి. పాశ్చాత్య నగరాలలో చదువుకున్నవారి కొలమానాలతో బడికి వెళ్లని భారతీయ రైతు జ్ఞాపకశక్తిని తూచడం న్యాయం కాదు. పరీక్ష అతని భాషలో, అతని జీవితానుభవానికి దగ్గరగా ఉండాలి. తెలుగు విస్తృతంగా వినబడే కోలారు సీమలో ఇది భాషాధ్యయనపరులకూ సంబంధించిన విషయం.

6. ఉపసంహారం:
పరివర్తన చెందే రసాయనం, దెబ్బతినే శక్తి కేంద్రం, దూరం నుంచి సాయపడే కాలేయం – ఈ పరిశోధనలన్నీ మెదడును శరీరం నుంచి విడదీసి చూడరాదని బోధిస్తున్నాయి. తెలుగునాట వృద్ధుల మరపును ‘చాదస్తం’ అని, ‘వయసు మీదపడింది’ అని తోసిపుచ్చడం పరిపాటి. ఆ మాటలలో సహజ వార్ధక్యమూ ఉండవచ్చు, గుర్తించని రోగమూ ఉండవచ్చు. వాటిని వేరుచేసి చెప్పగల శాస్త్రీయ పదజాలాన్ని తెలుగులో సిద్ధం చేసుకోవడం ఈ రంగం మన ముందుంచిన తక్షణ కర్తవ్యం.